కనుబొమ్మ మీద గాటు

కాలింగ్ బెల్ మోగితే వెళ్ళి తలుపు తీసేది మాస్టారే. రిటైరయ్యాక ఆ ఇంట్లో తనకు మిగిలిన ఉద్యోగం అదొక్కటేనని ఆయన అభిప్రాయం. తలుపు తీయడం, "మేడమ్ ఉన్నారా?" అని అడిగించుకోవడం, లోపలికి దారి చూపించడం. తలుపుకు గొళ్ళెం ఎలాగో, వచ్చేవాళ్ళకు తానూ అలాగేనని, తెరుచుకున్నాక దాని వంక ఎవరు మాత్రం చూస్తారని ఆయన లోపల్లోపల ఉడికిపోతుంటారు.

ఆ ఉదయం వచ్చింది పక్కవీధి నర్సమ్మ. ఆసుపత్రి ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా కాలమైనా నడకలో ఇంకా వార్డు తిరుగుతున్న తొందరే. ప్లాస్టిక్ కవరొకటి రెండు చేతులతో గుండెకు ఆనించుకుని ఉంది.

"అన్నయ్యగారూ, వదిన పనిలో ఉన్నారా?"

"పనేముంది. కంప్యూటరు ముందు కూర్చుంది," అన్నారు మాస్టారు.

అందులోని పుల్లవిరుపు నర్సమ్మకు వినిపించలేదు. అప్పటికే ఆయన్ని దాటుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయింది. కవరు అందుకుందామని ఆయన చెయ్యి చాపారు కూడా. చాపిన చేతిని ఏం చేయాలో తోచక గొళ్ళెం సవరించారు.

ఒకప్పుడు పెద్ద ఫొటో స్టూడియోలో టచింగ్ పని చేసిన మనిషాయన. నెగెటివ్ మీద పెన్సిలు, ప్రింటు మీద కుంచె ఆడించి మొహాల్ని తీర్చిదిద్దడమే పని. వీధిలో అందరికీ టచింగ్ మాస్టారు. కంప్యూటర్లు వచ్చి ఆ పనిని మింగేసి, స్టూడియో షట్టరు దించేశాక కూడా పిలుపు మాత్రం మిగిలింది. ఇప్పుడా పిలుపుకీ ఎసరొచ్చింది. ఎసరు పెట్టింది బయటివాళ్ళయితే నాలుగు తిట్టుకుని ఊరుకునేవారు. పెట్టింది కట్టుకున్న భార్య.

ఆవిడ ఒక ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరయింది. ఊరికే కూర్చోలేక కంప్యూటరు కొనిపించుకుని, పాత ఫొటోలు బాగుచేసే విద్య తనంతట తానే నేర్చుకుంది. ముందు వాళ్ళమ్మ ఫొటో, తర్వాత పక్కింటివాళ్ళ తాతగారిది. ఇప్పుడు వీధి వీధంతా పెట్టెల అడుగున పడి ఉన్న పెద్దల్ని మోసుకొచ్చి ఆవిడ ముందు పెడుతున్నారు. కుంచె ఎలా పట్టుకోవాలో తెలియదు. చెంప మీద నీడ ఎక్కడ మొదలై ఎక్కడ కరుగుతుందో ఎవరూ నేర్పలేదు. మౌసు పట్టుకుని కూర్చుంటే చాలు, అందరూ అబ్బో అంటున్నారు. తనది అసూయ అని మాస్టారికి బాగా తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గేదైతే ఎప్పుడో తగ్గిపోయేది.

ఆయన పేపరు పట్టుకుని అదే గదిలో మూల కుర్చీలో కూర్చున్నారు.

నర్సమ్మ కవర్లోంచి ఫొటో తీసి భార్య చేతిలో పెట్టింది. అరచేయంత బ్లాక్ అండ్ వైట్ ఫొటో. మూలలు చిరిగి, మధ్యలో మడత పగిలి ఉంది.

"మా అక్క. ఇదొక్కటే ఉంది వదినా. అమ్మ పనికెళ్ళిపోతే నన్ను పెంచింది తనే. శనివారం మా అక్క కొడుకు ఇంటికి వెళ్తున్నాను. కొత్తిల్లు కట్టుకున్నాడు. వాడి దగ్గర వాళ్ళమ్మ ఫొటో ఒక్కటీ లేదు. దీన్ని పెద్దది చేయించి, నా చేత్తో వాడింటి గోడకు తగిలించి రావాలని ఉంది."

"శనివారం లోపు అయిపోతుంది. మీరు నిశ్చింతగా ఉండండి," అంది భార్య.

"మీ చేతిలో పెట్టాక నాకు చింతేమిటి."

మూల కుర్చీలో పేపరు ఒకసారి గట్టిగా చప్పుడు చేసింది. ఆ పేజీ తిప్పాల్సిన అవసరమేమీ లేదు.

నర్సమ్మ వెళ్ళాక భార్య ఫొటోను మెత్తటి గుడ్డతో అద్ది, స్కానర్ అద్దం మీద బోర్లా పెట్టింది. కాసేపటికి ఆ అరచేయంత మొహం తెర నిండా విచ్చుకుంది. పాతికేళ్ళ పిల్ల. నవ్వాలా వద్దా అని ఆలోచిస్తుండగా కెమెరా నొక్కేసినట్టున్నారు. ఆవిడ దాన్ని ఇంకా పెద్దది చేసి, పాపిడి నుంచి చెవి దాకా పగిలిన మడతను, బుగ్గ మీద బూజు చుక్కల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి ఎడమ కనుబొమ్మ దగ్గర ఆగింది.

"ఏవండీ, ఇటొకసారి చూడండి. కనుబొమ్మను కోస్తూ ఒక గీత ఉంది. ఇది కాగితం మీద గీతంటారా, మనిషికే ఉందంటారా?"

అడిగినందుకు మాస్టారికి కాస్త ఊరట కలిగింది. కానీ లేచి వెళ్ళలేదు.

"ఏదైతేనేం. తీసెయ్యడమే."

"మనిషికే ఉంటే?"

"ఉంటే మరీ తీసెయ్యాలి. మచ్చలు ఉంచుకోవడానికి ఎవడైనా టచింగ్‌కి ఇస్తాడా? మా స్టూడియోలో గిరాకీని అడగడమనేదే ఉండేది కాదు. అడిగితే చిన్నబుచ్చుకుంటారు. అడక్కుండా తీసేస్తే సంతోషంగా వెళ్ళిపోతారు."

"అలాగా," అంది ఆవిడ. ఒక క్షణం ఆగి, "ఎందుకైనా మంచిది, ఆవిణ్ణి అడిగే చేస్తాను," అని ఆ గీతను అలాగే వదిలేసి మడత దగ్గరికి వెళ్ళిపోయింది.

జీవితమంతా ఈ పని చేసిన మనిషి మాటకు దొరికిన విలువ "ఎందుకైనా మంచిది". మాస్టారు పేపరులో మొహం దాచుకున్నారు.

మర్నాడు పొద్దున్న కంప్యూటరు మొరాయించింది. ముందు మౌసు బాణం తెర మధ్యలో కదలకుండా నిలబడిపోయింది. తర్వాత లోపలి ఫ్యాను గింగిరాలు తిరుగుతూ హోరుపెట్టింది. ఉన్నట్టుండి తెరంతా నీలంగా మారి, ఏవో తెల్ల అక్షరాలు పడి, ఆరిపోయింది. భార్య మళ్ళీ నొక్కింది. కుయ్ కుయ్ మని మొత్తుకుందే తప్ప తెర వెలగలేదు. వైరు పీకి పెట్టింది. ప్లగ్గు మార్చింది. బల్ల కిందికి వంగి, దుమ్ముకు తుమ్ముతూ, ఏదో కదిలించి లేచింది. ఊహూఁ.

"ఏమైందో చూడరాదూ," అంది.

"నాకేం తెలుసు దాని సంగతి," అన్నారు మాస్టారు. లోపల మాత్రం చల్లగా ఏదో దిగినట్టయింది. అలా దిగినందుకు కాస్త సిగ్గేసింది. సిగ్గు సిగ్గుదే, ఆ పూట కాఫీ మాత్రం చాలా రోజుల తర్వాత రుచిగా అనిపించింది.

పెట్టెను పాత దుప్పట్లో చుట్టి, చెరో పక్కా పట్టుకుని మెయిన్ రోడ్డు మీది రిపేరు షాపుకు మోసుకెళ్ళారు. ఆ షాపతను చెవి మీద ఎప్పుడూ స్క్రూడ్రైవరు పెట్టుకుని ఉంటాడు. మాస్టారికి ఒక స్టూలు చూపించి, "సార్, మీరలా కూర్చోండి," అని భార్య వైపు తిరిగాడు. మాటలన్నీ ఆవిడతోనే. ఆగిపోయే ముందు చప్పుడొచ్చిందా, ఎన్నిసార్లు కూత పెట్టింది, అక్షరాలేం పడ్డాయి. ఆవిడ అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పింది. స్టూలు మీద కూర్చున్న మాస్టారికి, పెద్దవాళ్ళ పనికి వెంట వచ్చిన పిల్లాడిలా కాళ్ళు వేలాడుతున్నట్టనిపించింది. ఆయన కాళ్ళు నేలకు బాగానే ఆనుతున్నాయి.

"అందులో ఫొటోలున్నాయి. అవి పోతాయా?" అని అడిగింది భార్య.

"డిస్కు బాగుంటే ఎక్కడివక్కడే ఉంటాయి మేడమ్. డిస్కే పోయుంటే నేను చేసేదేం లేదు. వేరే చోట కాపీ పెట్టుకోలేదా?"

"ఆదివారం ఆదివారం పెడతాను. ఈ వారం వచ్చినవి అందులోనే ఉన్నాయి."

"రేపటికి విప్పి చూసి చెబుతాను."

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ కూరగాయల బండి దగ్గర ఆగింది గానీ ధ్యాస వాటి మీద లేదు. "పోతే పోయింది, ఒరిజినల్ ఇంట్లో ఉంది కదా. బాగవగానే మళ్ళీ స్కాన్ చేసుకుంటాను," అని తనకు తనే చెప్పుకుంది. "శనివారానికి అందుతుందో లేదో. ఆవిడకు మాటిచ్చాను."

మాస్టారు సంచీ పట్టుకుని పక్కన నిలబడ్డారు. ఒరిజినల్ ఇంట్లో ఉంది కదా అన్న మాట ఆయన చెవిలో వేరే రకంగా పడింది.

మధ్యాహ్నం భార్య బ్యాంకు పని, మందుల పని చూసుకుని వస్తానని బయటికి వెళ్ళింది. ఆవిడ వీధి మలుపు తిరిగే దాకా కిటికీలోంచి చూసి, మాస్టారు అలమర పైనుంచి తన టచింగ్ పెట్టె దింపారు. దుమ్ము తుడిచి మూత తీస్తే అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నాలుగు వెంట్రుకల కుంచె, గీరే బ్లేడు, భూతద్దం, నల్లరంగు ఎండి అట్టకట్టిన చిన్న పింగాణీ సాసరు. కిటికీ పక్కకు బల్ల జరుపుకున్నారు. సొరుగులోంచి నర్సమ్మ అక్క ఫొటో తీసి గాజుపలక మీద పరిచారు.

కుంచె కొనను నాలుక మీద తడిపి, సాసరులో అద్ది, బొటనవేలి గోటి మీద ఒకసారి తిప్పి రంగు చూసుకున్నారు. ముదురు. మళ్ళీ తడిపారు. చెయ్యి కాస్త వణికింది. ఇన్నేళ్ళయింది మరి. చిటికెనవేలు గాజు మీద ఆనించగానే వణుకు తగ్గింది. ఆ పట్టు చెయ్యి మరిచిపోలేదు. మరిచిపోలేదని తెలిసిన ఆ ఒక్క క్షణానికి ఆయన ప్రాణం లేచొచ్చింది.

టచింగ్‌లో గీత గీయకూడదు. చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోవాలి. పగిలిన మడత తెల్లదనాన్ని పక్కనున్న జుట్టు నలుపులో కలిపారు. చెంప దగ్గరికొచ్చేసరికి రంగు పలచన చేశారు. బూజు చుక్కల్ని బ్లేడు మొనతో, కాగితానికి తెలియకుండా గీరారు. ఊపిరి బిగబట్టి పది చుక్కలు, వదిలి భూతద్దంలోంచి ఒక చూపు, మళ్ళీ బిగబట్టి పది చుక్కలు. పని చేస్తున్నంతసేపూ ఆయనకు కళ్ళ ముందు అక్క మొహం లేదు. ముందుగదిలో నర్సమ్మ నిలబడి, "అబ్బ, అన్నయ్యగారి చెయ్యి!" అనడం, భార్య పక్కన నిలబడి వినడం, అదే ఉంది.

ఎడమ కనుబొమ్మ వచ్చింది. ఏటవాలుగా తెల్లటి గీత. భూతద్దంలో దగ్గరగా చూశారు. కాగితం పగిలింది కాదు. పగిలితే అంచులు లేస్తాయి. ఇది నున్నగా ఉంది. మనిషికున్న గాటే. ఆ సంగతి ఆయనకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

ఆవిణ్ణి అడిగే చేస్తాను. భార్య మాట గుర్తొచ్చింది. అడుగుతుందట. కుంచె నాలుక మీద తడిపారు. చుక్క పక్కన చుక్క. ఏ చుక్క తన పక్క చుక్కకు పొసగకుండా మిగలలేదు. కాసేపటికి అక్కడ గాటు లేదు, ఆరోగ్యంగా వంగిన నల్లటి కనుబొమ్మ ఉంది. స్టూడియో ఓనరు చూస్తే భుజం తట్టేవాడు.

భార్య మందుల సంచీతో వచ్చేసరికి ఫొటో బల్ల మీద ఆరుతోంది. ఆవిడ చెప్పులు విప్పకుండానే నిలబడి చూసింది.

"ఒరిజినల్ మీదే చేశారా?"

"మరెక్కడ చేస్తారు? మేము ఎప్పుడూ దీని మీదే చేసింది. మాకేం వెనక్కి తిప్పే బొత్తాలు లేవు."

ఆవిడ వంగి, కళ్ళజోడు పైకి తోసుకుని మడత ఉన్న చోటు వెతికింది. దొరకలేదు. "ఎంత బాగా చేశారండీ," అంది. నిజంగానే అంది. ఆ గొంతులో వెటకారమేదైనా దొరుకుతుందేమోనని మాస్టారు వెతికారు. అదీ దొరకలేదు. తర్వాత ఆవిడ చూపు కనుబొమ్మ మీద ఆగింది. ఏదో అడగబోయి, మానేసి, చెప్పులు విప్పుకోవడానికి గుమ్మంలోకి వెళ్ళింది.

శుక్రవారం పొద్దున్నే నర్సమ్మ వచ్చింది. ఈసారి మాస్టారు తలుపు పూర్తిగా తెరిచి, "రామ్మా, రా," అని తనే ముందు నడిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ఫొటో బల్ల మీద తెల్ల కాగితం పరిచి పెట్టి ఉంది.

నర్సమ్మ చూసి మురిసిపోయింది. "ఎలా ఉండేది, ఎలా అయింది! ఆ పగులేది వదినా? ఆ మచ్చలేవి?" ఫొటోను వెలుతురుకు పెట్టింది. ఒకసారి దూరంగా, ఒకసారి దగ్గరగా పెట్టి చూసింది. మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఇక ఈ చెయ్యి ఎవరిదో చెప్పడమే తరువాయి.

నర్సమ్మ నవ్వు మెల్లగా సద్దుమణిగింది. వేలు తనకు తెలియకుండానే తన ఎడమ కనుబొమ్మ మీదికి వెళ్ళింది.

"ఇక్కడ గాటుండాలి," అంది.

ఫొటోను భార్య వైపు తిప్పి చూపించింది.

"ఇదిగో, ఇక్కడ. చిన్నప్పుడు బడికి పోనని మొండికేసి పలక విసిరాను. అక్క నన్ను పట్టుకోవడానికి వస్తోంది. పలక అంచు తగిలి ఇంత లోతున తెగింది. ఎన్ని కుట్లు పడాల్సిన గాయమో నేను నర్సునయ్యాక తెలిసింది. అప్పుడు కుట్లేవీ వేయించలేదు." ఫొటో వంకే చూస్తూ అంది. "మేమిద్దరం కలిసి దిగిన ఫొటో ఒక్కటీ లేదు. ఇందులో అక్క ఒక్కతే ఉంది. నేనున్నదల్లా ఆ గాటులోనే వదినా."

మాస్టారికి తలకొట్టేసినట్టయింది. నోరు తెరిచారు. ఏ మాట ముందు రావాలో తేల్చుకునే లోపే భార్య అందుకుంది.

"తప్పు నాదే నర్సమ్మగారూ. కంప్యూటరు పాడైంది. శనివారానికి ఇవ్వలేనేమోనని కంగారులో ఆయన కుంచె తీసుకుని నేనే దిద్దబోయాను. మిమ్మల్ని అడగాల్సింది."

నర్సమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "పోనీలెండి, కావాలని చేశారా ఏంటి," అని బల్ల మీద ఫొటో పెట్టి, పమిటచెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. అప్పుడు మాస్టారి వైపు తిరిగింది. ఇన్నాళ్ళలో ఆ ఇంట్లో ఆయన మొహంలోకి సూటిగా చూడటం అదే మొదలు.

"అన్నయ్యగారు ఇంట్లోనే ఉన్నారు కదా వదినా. ఒక్క మాట ఆయన్ని అడగకపోయారా? ఇంత అనుభవం ఉన్న మనిషి. ఆయనైతే గాటేదో గీతేదో చూడగానే చెప్పేవారు. ఆయన చెయ్యి పడుంటే ఇలా జరిగేదా?"

ఈ మాటల కోసమే మాస్టారు ఇన్ని నెలలూ కాచుక్కూర్చున్నది. అచ్చం ఈ మాటలే, అచ్చం ఈ గదిలోనే, భార్య వింటుండగానే. వచ్చాయి. ఒంటి మీద వేడి నీళ్ళు కుమ్మరించినట్టయింది. తల దించుకుని నిలబడ్డారు. ఆ తల దించుకోవడం నర్సమ్మకు వినయంలా కనపడిందో ఏమో, "పెద్దవారు, మీరైనా ఏదో ఒక దారి చూడండి. రేపు మధ్యాహ్నం నా బండి," అని ఫొటో అక్కడే వదిలి వెళ్ళింది.

"అలా ఎందుకు చెప్పావు?" అన్నారు మాస్టారు, తలుపు వేసి వచ్చి.

"మరేం చెప్పను?"

"నేను చేశానని చెప్పాల్సింది."

"మీరు చెప్పలేదుగా," అంది ఆవిడ. దెప్పినట్టు కాదు, ఉన్న సంగతి అన్నట్టే. ఫొటోను కవర్లో పెడుతూ మళ్ళీ అంది. "మీకు మిగిలింది ఆ పేరొక్కటే కదా. నాదేముంది, ఇంకా నేర్చుకుంటున్నదాన్ని. నేను తప్పు చేస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. మీరు చేశారంటే వీధంతా చెప్పుకుంటారు."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ఇంత సిగ్గులోనూ ఆయనకు మళ్ళీ కడుపు మండింది. తప్పు చేసి తలెత్తుకు తిరిగే సౌకర్యం కూడా ఈవిడకే ఉంది. తన తప్పును కూడా తన దగ్గర ఉండనివ్వకుండా పట్టుకుపోయింది. అంత మంచితనం ఈవిడకు ఎక్కడి నుంచి వచ్చిందో, తనకెందుకు రాలేదో. మౌసు మీద, వీధివాళ్ళ పొగడ్తల మీద ఆయనకున్న అసూయ దీని ముందు ఎందుకూ పనికిరాదు.

లేచి చెప్పులు వేసుకున్నారు.

"ఎక్కడికి?"

"షాపుకి. ఆ పెట్టెలో అసలు మొహం ఉందో లేదో చూసొస్తా."

షాపులో పెట్టె డొక్క విప్పేసి ఉంది. స్క్రూడ్రైవరతను చిన్న బ్రష్షుతో దుమ్ము దులుపుతున్నాడు. తలెత్తి, "మేడమ్ రాలేదా?" అన్నాడు.

"నేను మేడమ్ భర్తని," అన్నారు మాస్టారు. "డిస్కు ఉందా, పోయిందా? అదొక్కటి చెప్పు బాబూ."

"కూర్చోండి సార్, ఇప్పుడే పెట్టి చూస్తా."

ఆయన కూర్చోలేదు. ఈ పెట్టె ఇంట్లోకొచ్చిన రోజు నుంచి నిన్న పొద్దుటి దాకా ఇది పాడైపోతే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నారో లెక్కలేదు. ఇప్పుడు దాని ముందు, ఆపరేషను గది బయట చుట్టాలు నిలబడినట్టు నిలబడ్డారు. తెర వెలిగింది. ఆరింది. షాపతను ఏదో చిన్న పలక ఊడదీసి, రబ్బరుతో దాని అంచు రుద్ది, మళ్ళీ నొక్కి పెట్టాడు. కూత రాలేదు. తెర నీలంగా మారింది, కానీ ఇది మంచి నీలం. దాని మీద ఇంట్లో రోజూ కనిపించే బొమ్మల వరసలు ఒక్కొక్కటే వచ్చాయి.

"డిస్కుకేం కాలేదు సార్. లోపలంతా దుమ్ము. ఫ్యాను మార్చాను, ర్యామ్ కదిలిందంతే. అన్నీ ఉన్నాయి, చూసుకోండి."

ఏం చూసుకోవాలో, ఎక్కడ నొక్కాలో మాస్టారికి తెలియదు. "మా ఆవిడ చూస్తుందిలే," అని పెట్టెను రెండు చేతులా ఎత్తుకున్నారు. దుప్పటి తేవడం మరిచిపోయారు. ఎండలో, మధ్యలో రెండుచోట్ల అరుగు చూసుకుని దింపుతూ, ఒక్కరే మోసుకొచ్చారు.

భార్య వైర్లు తగిలించి, ఫొటో తెరిచింది. గాటు ఉంది. ఆవిడ ముట్టకుండా వదిలేసినట్టే, కనుబొమ్మను కోస్తూ ఏటవాలుగా. మాస్టారు ఆవిడ పక్కకు స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"దీన్నే పెద్దది చేసి అచ్చు తీసి ఇచ్చేయొచ్చు. వాళ్ళ గోడకు సరిపోతుంది," అంది ఆవిడ.

"గోడకు సరిపోతుంది. ఆవిడ పెట్టెలో దాచుకునేది ఈ కాగితం." గాజుపలక మీద ఒరిజినల్ పరిచారు. "కనుబొమ్మ దగ్గర ఇంకొంచెం పెద్దది చెయ్యి."

ఆవిడ చేసింది.

"ఇంకా."

తెర మీద కనుబొమ్మ ఒక గడ్డి మడి అంత అయింది. దాని మధ్యలోంచి కాలిబాటలా గాటు. మాస్టారు జీవితంలో ఎన్ని వేల మచ్చలు తీసేశారో, ఏ మచ్చనూ ఇంతసేపు చూడలేదు. పైన వెడల్పు, మధ్యలో చిన్న వంపు, కింద రెప్ప దగ్గరికొచ్చేసరికి సన్నబడి మాయం. అంచున కాస్త ఉబ్బు. కుట్లు లేకుండా తనంతట తానే పూడుకున్న గాయం అలాగే ఉంటుంది కాబోలు.

దూదిని తడిపి, పిండి, రంగు మీద అద్దారు. కొంత వదిలింది. పట్టుకున్నది బ్లేడుతో గీరాలి. అదుపు తప్పితే కాగితం తొలుచుకుపోతుంది, అప్పుడిక గాటు కాదు, చిల్లే. ఆయన కళ్ళు రెండు చోట్ల ఉండలేవు. అందుకని తెర ఆవిడ చూసింది, కాగితం ఆయన చూశారు.

"ఇంకొంచెం పైనుంచి మొదలవుతుందండీ. వెంట్రుకలు దాటి, నుదుటి మీది నుంచి."

"ఇక్కడా?"

"ఇంకాస్త లోపలికి. ఆఁ, అక్కడ. మధ్యలో ముక్కు వైపు వంగుతుంది."

"ఎంత?"

"చాలా కొంచెం. ఆగండి, ఆగండి. చాలు."

ఆయన ఆగారు. ఒకరి మాట మీద చెయ్యి ఆపడం ఆయనకు అలవాటు లేదు. చిటికెనవేలు గాజు మీద ఉన్నా ఈసారి వణుకు పూర్తిగా తగ్గలేదు. మచ్చ తీసేటప్పుడు తప్పు జరిగితే ఇంకో చుక్క పెట్టి కప్పేయొచ్చు. మచ్చ పెట్టేటప్పుడు కప్పడానికేం ఉండదని అప్పుడు తెలిసింది. పొద్దు వాలి, కిటికీ వెలుతురు చాలక లైటు వేసుకున్నారు. ఇద్దరూ టీ సంగతి మరిచిపోయారు.

శనివారం నర్సమ్మ ప్రయాణపు చీరలో, భుజాన సంచీతో వచ్చింది. భార్య అచ్చు తీసిన పెద్ద ఫొటో చూపించింది. నర్సమ్మ దాన్ని చూసి తృప్తిగా తలూపింది. మాస్టారు చిన్న ఫొటో చేతికిచ్చారు. ఆవిడ ముందు అలవాటుగా చూసింది. తర్వాత కిటికీ దగ్గరికి నడిచింది. వేలి కొనతో, ముట్టీ ముట్టకుండా, కనుబొమ్మ మీద రాసింది.

"వచ్చేసింది," అంది. "నిన్న రాత్రంతా నిద్రపట్టలేదు వదినా. అక్క మళ్ళీ పోయినట్టే అనిపించింది. చూశారా, నేను చెప్పలేదూ, అన్నయ్యగారి చెయ్యి పడాలి అని. మీరు ఏమీ అనుకోకండి గానీ, ఇది మెషిన్లకు వచ్చే పని కాదు. మీరు పాడుచేసింది ఆయన బాగుచేశారు."

భార్య నవ్వి, "అవునండి," అంది.

మాస్టారు ఆవిడ వంక చూశారు. నవ్వులో ఏ కష్టమూ లేదు. ఊరుకుంటే సరిపోతుంది. నర్సమ్మ ఇంకో గంటలో ఊరు దాటిపోతుంది, వచ్చాక నలుగురికీ ఇదే చెబుతుంది. మళ్ళీ తలుపు దగ్గర తన కోసం అడుగుతారు. ఊరుకుందామని ఆయనకు ఎంతగా అనిపించిందో, కుర్చీ వీపు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.

"పాడుచేసింది కూడా నేనేనమ్మా," అన్నారు.

"ఏవండీ," అంది భార్య.

"నువ్వుండు. ఆ గాటు మనిషిదేనని నాకు తెలుసు నర్సమ్మా. తెలిసే చెరిపాను. మిమ్మల్ని అడిగాకే చేస్తానని ఈవిడ వదిలేసింది. ఈవిడ వదిలేసింది కనకనే నేను చేశాను. అందరూ ఈవిణ్ణి మెచ్చుకుంటుంటే చూడలేకపోయాను. నిన్న మీరు నన్ను పొగుడుతుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. ఆ గాటు కంప్యూటర్లో ఈవిడ దాచి ఉంచబట్టి, ఈవిడ చెబుతుంటే గీరాను. లేకపోతే దాన్ని నేను ఎక్కడి నుంచి తెచ్చేవాణ్ణి?"

చెప్పేశాక ఆయనకు తేలికగా ఏమీ అనిపించలేదు. నర్సమ్మ మొహం చూడలేక సాసరులో ఎండిపోయిన రంగు వంక చూశారు.

నర్సమ్మ సంచీ దింపి, బల్ల అంచున కూర్చుంది. ఒకసారి ఆయన్ని, ఒకసారి భార్యను, ఒకసారి చేతిలో ఫొటోను చూసింది.

"ఆ రోజు సాయంత్రం అమ్మ ఇంటికొచ్చి, ఆ రక్తం చూసి, ఏమైందే అని అరిచింది," అంది నెమ్మదిగా. "అక్క తలుపు తగిలిందని చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. విసిరిన పలక మళ్ళీ నా చేతిలోనే ఉంది. చూసుకుని నడవడం రాదా అని అమ్మ దాన్నే తిట్టింది. నేను నోరు విప్పలేదు. ఎప్పుడో చెప్పొచ్చులే అనుకున్నాను. అమ్మ పోయింది. అక్కా పోయింది. నేను ఎవరికీ చెప్పలేదు, ఇవాళ మీకు చెబుతున్నాను."

లేచి సంచీ భుజాన వేసుకుంది. ఫొటోను కవర్లో పెట్టి గుండెకు ఆనించుకుంది.

"మీరు నయం అన్నయ్యగారూ," అంది. "ఆవిడ వింటుండగా చెప్పారు."